ఏరు లేని ఊరికి నీళ్ళొచ్చిన దారి

సియెనాకు ఏరు లేదు. ఫ్లోరెన్సుకు ఆర్నో ఉంది, రోముకు టైబర్ ఉంది. టస్కనీలో కొండల మీద వెలసిన ఈ ఊరికి మాత్రం చెప్పుకోదగ్గ ఆస్తి ఒక్క బాటే. ఆల్ప్స్ దాటి రోముకు నడిచే యాత్రికుల ఫ్రాంచీజెనా దారి ఊరి నడుమ నుంచే పోయేది. ఆ దారి వెంట సత్రాలు, అంగళ్ళు, వడ్డీ వ్యాపారాలు పెరిగాయి. 14వ శతాబ్దం తొలినాళ్ళకు జనం సుమారు 50 వేలకు చేరారు. ఇంతమందికి తాగునీరెక్కడిది? ఉన్ని కడగడానికి, బట్టకు రంగు వేయడానికి, తోళ్ళు పదును చేయడానికి నీళ్ళెక్కడివి?

కొండే ఇచ్చింది. సియెనా కింద ఉన్నది మెత్తటి ఇసుకరాయి. వాననీరు అందులోంచి నెమ్మదిగా దిగి, అడుగునున్న బంకమట్టి పొర మీద ఆగుతుంది. సరిగ్గా ఆ ఎత్తులో సొరంగం తవ్వితే గోడల్లోంచి నీరు ఊరి, చుక్క చుక్కగా నేలలోని సన్నని కాలువలోకి చేరుతుంది. ఈ సొరంగాలను సియెనా వాళ్ళు బొత్తీని అంటారు. ఎక్కువ భాగం 12 నుంచి 15వ శతాబ్దం మధ్య తవ్వినవే. మొత్తం పొడవు సుమారు 25 కిలోమీటర్లు. వాలు కిలోమీటరుకు దాదాపు ఒక మీటరే. అంతకు మించితే నీటి వడికి కాలువ కోసుకుపోతుంది, తగ్గితే నీరు నిలిచిపోతుంది. దీపం వెలుతురులో, చేతి పనిముట్లతో ఆ లెక్క తప్పకుండా తవ్వుకుంటూ పోయారంటే ఆ పనివాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

ఈ నీరు చేరే పాత తొట్లలో ఒకటి ఫోంతెబ్రాందా. దాని పేరు 1081 నాటికే పత్రాల్లో కనిపిస్తుంది, ఇప్పుడు చూసే ఇటుక కమానుల కట్టడం 1246 నాటిది. మొదటి తొట్టి తాగునీటికి. అది నిండి పొర్లితే పశువుల తొట్టిలోకి, అక్కణ్ణించి బట్టలుతికే చోటికి. ఆ తర్వాత కూడా నీటిని వదిలిపెట్టలేదు. దిగువన మిల్లులు, తోళ్ళ పనివాళ్ళు వాడుకున్నారు. సెయింట్ కాథరిన్ 1347లో పుట్టింది ఈ పేటలోనే, రంగుల అద్దకం పనివాడి ఇంట.

ఊరి ప్రధాన చౌరస్తా అయిన కాంపోకు నీళ్ళు రావడం ఆలస్యమైంది. 1287 నుంచి 1355 దాకా ఊరిని ఏలింది తొమ్మండుగురి పాలకమండలి. చేటలా ఒక వైపుకు వాలిన ఈ ఖాళీ జాగా అంటే వాళ్ళకు ప్రాణం. దాని చుట్టూ ఇళ్ళ కిటికీలు ఎలా ఉండాలో 1297లో చట్టం చేశారు. నేలను ఇటుకలతో పరిచి, తమ సంఖ్యకు గుర్తుగా తొమ్మిది భాగాలు చేశారు. సొరంగం తవ్వించి, 1340ల మొదట్లో నీటిని అక్కడికి రప్పించినప్పుడు ఊరంతా పండగ చేసుకుంది. అందుకే ఆ ఫౌంటెన్ పేరు ఫోంతె గాయా, అంటే సంతోషపు ఊట.

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. 1348లో ప్లేగు వచ్చి సగానికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకుంది. ఇటలీలోనే పెద్ద చర్చిల్లో ఒకటిగా విస్తరించాలనుకున్న కతీడ్రల్ పని ఆగిపోయింది. ఆ మొండిగోడ ఈనాటికీ నిలబడే ఉంది. ఇక ఫౌంటెన్ మీద అప్పట్లో ఒక పురాతన వీనస్ పాలరాతి విగ్రహం ఉండేదని శిల్పి లొరెంజో గిబెర్తి రాశాడు. ఊరి కష్టాలన్నిటికీ ఆ నగ్న దేవతే కారణమన్నారు. 1357లో దించి, ముక్కలు చేసి, పీడ అటే పోవాలని శత్రువైన ఫ్లోరెన్సు నేలలో పాతిపెట్టారు. ఒక కళాఖండం పోయింది. ప్లేగుతో కుంగిన మనుషుల భయం ఎంతటిదో అది చెబుతుంది. తర్వాత ఆ ఫౌంటెన్‌కు యాకొపో దెల్లా క్వెర్చా చెక్కిన పాలరాతి పని 1419లో పూర్తయింది. ఇప్పుడు చౌరస్తాలో ఉన్నది 19వ శతాబ్దపు నకలు. అసలు రాళ్ళు కతీడ్రల్ ఎదుట, ఒకప్పటి సాంతా మరియా దెల్లా స్కాలా ఆసుపత్రిలో భద్రంగా ఉన్నాయి.

ఊరి కింద డయానా అనే రహస్య నది పారుతోందని సియెనా జనం నమ్మి వెతికారు. ఆ వెతుకులాటను డాంటే తన కావ్యంలో వెక్కిరించాడు. కానీ ఫ్లోరెన్సులో పుట్టి ఆర్నో నీళ్ళు తాగినవాడికి ఏరు లేని ఊరి దాహం ఏం తెలుస్తుంది? డయానా దొరకలేదు నిజమే. దాని కోసం ఆగకుండా వాళ్ళు రాతిలోంచే నీటిని రాబట్టుకున్నారు.

20వ శతాబ్దంలో అమియాటా పర్వతం నుంచి గొట్టాల్లో తాగునీరు వచ్చింది. అయినా ఫోంతె గాయాకు నీరందించేది ఇప్పటికీ పాత సొరంగమే. ఆ నీటిలో సున్నం ఎక్కువ, కాలువల్లో పేరుకుంటూ ఉంటుంది. లోపలికి గైడ్ వెంట చిన్న జట్లుగానే పంపుతారు. జూలై, ఆగస్టులలో ఊరిలో జరిగే గుర్రప్పందేల కోసం వెళ్ళేవాళ్ళు సొరంగం కూడా చూడాలనుకుంటే చాలా ముందే అనుమతి తీసుకోవాలి.