మేస్త్రి అడ్వాన్సు, టెండూల్కర్ గీత: ప్రత్తిపాడు మండలంలో వలస కూలీల జీవన ప్రమాణాల కొలత

మురికివాడల పేదరికంపై మన విశ్వవిద్యాలయాల్లో వస్తున్న పరిశోధన పట్టణ పొలిమేర దాటడం లేదు. 2011 జనగణన చట్టబద్ధ పట్టణాల్లోని వాడలనే లెక్కపెట్టింది. 60-70 ఇళ్లో, 300 మందో ఉండాలంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోటీ రెండు లక్షల మంది తేలారు. గుంటూరు జిల్లా ప్రత్తిపాడు పట్టణం కాదు, పంచాయతీ. అందుచేత ఆదోని, కోసిగి వైపు నుంచి పత్తి తీతకూ మిరప కోతకూ వచ్చి, ఈ నల్లరేగడి ఊళ్ల చివర టార్పాలిన్ పట్టల కింద నెలల తరబడి ఉండేవాళ్లు మురికివాడ వాసులు కారు. మరుగుదొడ్డి లేదు, కుళాయి లేదు, డేరాకీ డేరాకీ మధ్య మనిషి తిరిగే జాగా లేదు.

దండేకర్-రథ్ నుంచి లక్డావాలా దాకా నడిచిన పేదరిక గీత కథ తెలిసిందే. నా పేచీ టెండూల్కర్ కమిటీతో. 2009లో కెలోరీల లంకె తెంచిందని చాలామంది మెచ్చుకున్నారు. 2004-05 నాటి పట్టణ పేదరికం 25.7 శాతాన్ని ఆధారం చేసుకుని, ఆ పట్నం బుట్టతోనే పల్లెనూ తూచిన సంగతి మాత్రం మరవకూడదు. 2011-12కి మన రాష్ట్రంలో తలకు నెలకు పల్లెలో 860, పట్టణంలో 1,009 రూపాయలు ఖర్చయితే గీత దాటినట్టే. ఆ డబ్బు ఎక్కడిదని అడగరు.

ఎక్కడిదో డేరాల దగ్గర తెలుస్తుంది. బయల్దేరకముందే మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు పాత అప్పుకో పెళ్లికో పోయి ఉంటుంది. ఇక్కడ బియ్యం, నూనె కొట్లో ఖాతా మీద వస్తాయి. పత్తికి కిలోల లెక్కన కూలి. పొద్దు వాలాక గట్టు మీద కాటా వేస్తారు. మంచులో తీసిన పత్తి బరువు తూగుతుందని కూలీల ఆశ. తడి ఉందని తరుగు తీయడం రైతు అలవాటు. మిగిలిన అంకె మేస్త్రి పుస్తకంలోకి ఎక్కుతుంది. అడ్వాన్సు, కొట్టు బాకీ పోగా చేతికొచ్చేదెంతో పని ముగిశాకే తేలుతుంది. జనవరిలో ఈ కుటుంబాన్ని సర్వే చేస్తే ఖాతా మీద తెచ్చినదంతా వినియోగమే. అప్పు చేసి తిన్నవాడూ గీతకు పైనే.

ఆ గీతకు ఆధారమైన 68వ విడత వినియోగ వ్యయ సర్వే ఏడాది పొడవునా సాగింది కదా అనవచ్చు. వలస పోయి తాళం వేసిన ఇంటికి బదులు మరో ఇంటిని రాసుకుంటే ఏ నెలలో వెళ్లినా ఒకటే. పేదలను గుర్తించడానికి హషీమ్ బృందం 2012లో నివాసం, వృత్తి, సామాజిక స్థితి చూడమంది, అదీ పట్టణాలకే. నీతి ఆయోగ్ 2023 బహుముఖ పేదరిక సూచీలో రాష్ట్ర పేదరికం 11.77 నుంచి 6.06 శాతానికి దిగింది. దాని 12 అంశాల్లో బ్యాంకు ఖాతా ఉంది, బాకీ లేదు.

సీజను చివర మిగిలిన నికర బాకీని 12 నెలలకు పంచి తలసరి ఖర్చులోంచి తీసేయాలి. అలా తీస్తే ఇక్కడి డేరాల్లో గీత దాటారంటున్న కూలి కుటుంబాల్లో కొన్నయినా తిరిగి గీత కిందికే రావచ్చు.