భేతాళుడి బొమ్మ ఎవరిది?

మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్ళం నలుగురు చేరి చందమామ మాటొస్తే, అది పెట్టిన బి.నాగిరెడ్డి మన కడప జిల్లా పొట్టిపాడు ఆయనే అని ఓ ముక్క చెప్పుకోకుండా ఉండం. చెప్పుకోవాల్సిందే. కానీ భుజాన శవం, చేతిలో కత్తి, ఆ విక్రమార్కుడి బొమ్మ గీసిందెవరని అడగండి. ఒకరు బాపు అంటారు, ఇంకొకరు వపా అంటారు. (వపా అట్టమీది బొమ్మలకి దొర, అది వేరే కథ.)

ఆ బొమ్మ శంకర్‌ది. అసలు పేరు కె.సి.శివశంకరన్, తమిళాయన. 1924లో ధారాపురం దగ్గర పల్లెలో పుట్టాడు, నాన్న బడిపంతులు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్‌చౌధురి ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో చదివాడు. 1946లో కలైమగళ్ పత్రికలో చేరి, 1952లో చందమామకి వచ్చాడు.

అప్పటికే అక్కడ 'చిత్రా' ఉన్నాడు, అంటే టి.వి.రాఘవన్. ఈయన ఏ స్కూల్లోనూ బొమ్మలు నేర్చుకోలేదు. దాసరి సుబ్రహ్మణ్యం 'తోకచుక్క' లాంటి సీరియళ్ళలో కోటలూ, రాక్షసులూ ఆయన చేతిలోవే. శంకర్‌ది ఎక్కువగా పురాణాల వైపు. 1978లో చిత్రా పోయాక కూడా శంకర్ గీస్తూనే ఉన్నాడు. మొత్తం అరవయ్యేళ్ళు! మనమేమో మూడేళ్ళకే కంపెనీ మారకపోతే ఏదో తప్పు చేస్తున్నట్టు ఫీలైపోతాం.

ఇంకో సంగతి. చందమామ పన్నెండు దాకా భాషల్లో వచ్చేది. బొమ్మ ఒక్కటే, చుట్టూ కథ మాత్రం భాషకొకటి. మనం లోకలైజేషన్ అని గొప్పగా చెప్పుకునే పనే కదా! అంటే శంకర్ గీసిన రాజు తెలుగువాడికి తెలుగు రాజులాగా, ఒరియా పిల్లాడికి ఒరియా రాజులాగా కనబడాలి. ఏ ఒక్క ప్రాంతం వేషమూ గట్టిగా అంటకుండా అన్నేళ్ళు గీయడం మాటలు కాదు. భేతాళుడి అసలు కథలు పాతికే. అవి అయిపోయాక కొత్తవి వందలకొద్దీ రాయించారు, ఆ బొమ్మ మాత్రం పిల్లల కళ్ళల్లో అలాగే ఉండిపోయింది.

1998లో ఆగి, 1999లో మళ్ళీ మొదలై, 2007లో జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతికెళ్ళి, కొన్నేళ్ళకే చందమామ మూతబడింది. కొన్నది మన ఫీల్డు వాళ్ళే అని ఆశపడ్డవాళ్ళలో నేనూ ఒకణ్ణి లెండి.

శంకర్ 2020 సెప్టెంబరు 29న పోయాడు, తొంభై ఆరేళ్ళు. పద్మశ్రీ ప్రకటించింది 2021 జనవరిలో. ఎదురుగా కూర్చోబెట్టి ఇవ్వడానికి అరవయ్యేళ్ళకి పైగా టైమున్నా!