పాలు, పాళ్లు

అక్టోబరు చివరికల్లా అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోని చిన్న పొలాల్లో కూరగాయల షేర్లు ముగింపుకొస్తాయి. విత్తనం పడకముందే రైతుకు డబ్బు కట్టిన కుటుంబాలు జూన్ నుంచి వారం వారం వెళ్లి తమ వంతు కూరలు తెచ్చుకుంటాయి. మసాచుసెట్స్‌లో ఇండియన్ లైన్ ఫార్మ్, న్యూ హాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ ఫార్మ్ 1986లో ఈ పద్ధతిలో సాగు మొదలుపెట్టాయి. జపాన్‌లో 'తెయికెయి' పేరుతో ఇలాంటిదే 1970ల నుంచీ ఉంది.

"ఈ వారంతో షేర్ అయిపోయింది" అంటారు అక్కడి తెలుగువాళ్లు. షేర్ అంటే మనకు స్టాక్ మార్కెట్టే మెదులుతుంది. వాటా అన్నా కుదరదు. లెక్కగట్టి అడిగి పుచ్చుకునేది వాటా, ఇవ్వకపోతే కోర్టుకెక్కేది వాటా. ఈ పొలానికి తగిన మాట పాలు అని నా నమ్మకం.

తాగే పాలు వేరు, వాటికి ఏకవచనమే లేదు. ఈ పాలుకు బహువచనం పాళ్లు. నూటికి తొంభై పాళ్లు, ఉప్పూ కారం సమపాళ్లు. కన్నడంలో తాగేవి హాలు అయ్యాయి, భాగం మాత్రం పాలుగానే నిలిచింది. తమిళంలో తిరుక్కుఱళ్ మూడు భాగాల పేర్లూ 'పాల్'తోనే ముగుస్తాయి. ఆస్తి పంచుకునే దాయాది మనకు పాలివాడు.

తెలుగు ఇంకో అడుగు వేసింది. చేజారినదానికీ ఇదే మాట వాడింది. ఇల్లు అగ్గిపాలవుతుంది, పైరు నీటిపాలవుతుంది, సొమ్ము దొంగలపాలవుతుంది, మనిషి అప్పులపాలవుతాడు. నిప్పూ వరదా కూడా మనతో పంచుకోవడానికి కూర్చున్న పాలివాళ్లే అన్నమాట. ఆదుకున్నవాడు మా పాలిట దేవుడు, ముంచినవాడు మా పాలిట యముడు. ఇల్లు అగ్గివాటా అయిందని ఎవరైనా అంటారా?

షేర్ పొలం ఒప్పందమూ ఇదే. ముందుగా కట్టే డబ్బు ఇన్ని కిలోలకని కట్టే ధర కాదు, ఆ ఏడు పొలం ఎంత ఇస్తే అంతలో ఒక పాలుకు కట్టేది. 2009లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఎన్నో టమాటా తోటలు లేట్ బ్లైట్ తెగులు పాలయ్యాయి. తోట పోయిన చోట సభ్యుల సంచుల్లోకీ టమాటా రాలేదు. రైతు ఒక్కడే మునగలేదు. మన కౌలు రైతు సంగతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. పండినదాంట్లో సగపాలు ఇచ్చే కోరు ఒప్పందమైతే నష్టమూ సగమవుతుంది. ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖాయం చేసుకున్న కౌలులో పైరు నీటిపాలైనా బస్తాలు కొలవాల్సిందే. అక్కడ భూమి యజమానిది వాటా, రైతుది పాలు.

సీజను ఆఖర్లో పాలు అనే మాటలోని రెండు అర్థాలూ ఒకే మడిలో కనిపిస్తాయి. గట్టి మంచు పడబోతోందని తెలిస్తే ముందురోజే మిరపకాయలు, పచ్చి టమాటాలు కోసేస్తారు. తెల్లారేసరికి టమాటా తీగలు, బేసిల్ ఆకులు వేడినీళ్లు పోసినట్టు వాలి నల్లబడి ఉంటాయి. పక్క సాలులో కేల్ మాత్రం నిటారుగానే ఉంటుంది. చలికి క్యారెట్, కేల్ తమలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటాయి. అందుకే మంచు తర్వాత కోసిన కేల్ వేసవి కేల్ కంటే తియ్యగా ఉంటుంది, మట్టి కడిగి పచ్చిగా కొరికిన క్యారెట్ సంగతి చెప్పక్కర్లేదు. తీగలు మంచుపాలయ్యాయి, తీపి మన పాలబడింది.

చివరి సంచి బరువుగా ఉంటుంది. పైన క్యాబేజీ, కింద ఉల్లి, ఆలుగడ్డ, సొరకాయ ఆకారపు గుమ్మడి. మూలన పండే వీలులేని ఆ పచ్చి టమాటాలు. అవి నూనెలో మగ్గించి, పచ్చిమిర్చి, వేయించిన నువ్వులు వేసి నూరుకుంటే రెండు రోజులు ఇంకో కూర అక్కర్లేదు.