కాలిన గాయాల చికిత్సలో రక్తం ఎక్కించడం

ఒంట్లో 20 శాతానికి మించి కాలినవారిలో చాలామందికి ఆసుపత్రిలో ఏదో ఒక దశలో రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఇప్పుడు ఎక్కించేది సాధారణంగా మొత్తం రక్తం కాదు. ప్లాస్మా తీసేసిన ఎర్రకణాల యూనిట్లు, వార్డు భాషలో ‘ప్యాక్డ్ సెల్స్’. ప్లాస్మా, ప్లేట్‌లెట్లు అవసరాన్నిబట్టి విడిగా ఇస్తారు. హిమోగ్లోబిన్ ఎంతకు పడిపోతే ఎక్కించాలి, ఎక్కించినందువల్ల ఇన్ఫెక్షన్లు పెరుగుతాయా అన్న రెండు ప్రశ్నల చుట్టూనే ఈ రంగంలోని వివాదమంతా తిరిగింది.

తొలి ప్రయత్నాల్లో టొరంటో పిల్లల ఆసుపత్రి సర్జన్ లారెన్స్ బ్రూస్ రాబర్ట్‌సన్‌ది ముఖ్యమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకు రక్తం ఎక్కించిన అనుభవం ఆయనది. కాలిన చర్మం నుంచి పుట్టిన విషం రక్తంలో కలుస్తుందని నమ్మి, పిల్లల ఒంట్లోని రక్తం కొంత తీసేసి దాతల రక్తం ఎక్కించాడు. ఇది 1921లో మొదలైందంటారు. వివరాల్లో కొంత ఆయన మరణించాకే అచ్చులోకి వచ్చింది. 1921లోనే అమెరికాలోని న్యూహేవెన్‌లో రియాల్టో థియేటర్ తగలబడింది. ఆ బాధితులను పరిశీలించిన ఫ్రాంక్ అండర్‌హిల్, వాళ్ళ రక్తం చిక్కబడుతోందనీ, ఒంట్లోంచి పోతున్నది ప్లాస్మాను పోలిన ద్రవమనీ చూపాడు. విష సిద్ధాంతం వెంటనే చావలేదు గానీ, తర్వాతి చికిత్స నడిచింది అండర్‌హిల్ బాటలోనే. 1942 నవంబరు 28న బోస్టన్‌లో 492 మందిని బలిగొన్న కోకోనట్ గ్రోవ్ అగ్నిప్రమాదంలో క్షతగాత్రులకు ప్లాస్మా విరివిగా వాడారు. ద్రవాల మోతాదు లెక్కించడానికి 1968లో వచ్చిన పార్క్‌లాండ్ సూత్రం మొదటి 24 గంటలకూ రింగర్ లాక్టేట్ అనే లవణ ద్రావణాన్నే నమ్ముకుంది. అలా రక్తం తొలి గంటల నుంచి తప్పుకుని ఆపరేషన్ థియేటర్‌కు చేరింది.

కాలిన రోగి రక్తహీనతకు కారణం ఒకటి కాదు. వేడికి కొన్ని ఎర్రకణాలు అక్కడికక్కడే పగిలిపోతాయి, మిగిలినవాటి ఆయుష్షు తగ్గుతుంది. మొదటి రోజు చిక్కబడిన రక్తం సెలైన్లు ఎక్కాక పలచబడుతుంది. ఎర్రకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్ హార్మోను పెరిగినా ఎముక మజ్జ దానికి తగినట్టు స్పందించదు. ఆ హార్మోనునే మందుగా ఇచ్చి 1990లలో చేసిన పరీక్షలో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. రోజూ పరీక్షలకని తీసే రక్తం కూడా వారాల తరబడి కలిస్తే తక్కువేమీ కాదు. అయినా అసలు రక్తనష్టం శస్త్రచికిత్సలోనే.

స్లొవేనియాలోని మారిబోర్‌లో జోరా యాన్జెకోవిచ్ రూపొందించి 1970లో ప్రచురించిన పద్ధతిలో, మాడిన చర్మాన్ని కత్తితో పల్చటి పొరలుగా చెక్కుతూ పోతారు. పొర కింద సన్నని చుక్కల్లా రక్తం చిమ్మితే అక్కడి కణజాలం బతికి ఉన్నట్టు. అంటే సర్జన్‌కు దారి చూపే గుర్తే రోగికి నష్టం. నష్టం తగ్గించడానికి కాలికీ చేతికీ టూర్నికే బిగిస్తారు, చర్మం కింద అడ్రినలిన్ కలిపిన ద్రావణం ఎక్కిస్తారు, చెక్కినచోట అడ్రినలిన్‌లో తడిపిన గుడ్డలు అదుముతారు. అప్పుడు రక్తపు చుక్క కనిపించదు. తెల్లగా మెరిసే చర్మాన్నీ, పసుపు కొవ్వునూ చూసి లోతు అంచనా వేయాలి. దీనికి చేయి తిరిగి ఉండాలి. సమయమూ లెక్కలోకి వస్తుంది. టెక్సస్‌లోని గాల్వెస్టన్ బృందం 1990లో ఇచ్చిన లెక్కల ప్రకారం, కాలిన 24 గంటల్లోపు చెక్కితే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.4 మిల్లీలీటర్లు, రెండో రోజు నుంచి పదహారో రోజు మధ్య అయితే 0.75 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 17,000 చదరపు సెంటీమీటర్ల ఒళ్ళున్న పెద్దవారిలో 20 శాతం చెక్కాలంటే తేడా లీటరుకు పైమాటే.

ఫలితాల విషయంలో రెండు కథనాలున్నాయి. అమెరికా పరిశోధకురాలు టీనా పామియరి బృందం 2006లో 21 కేంద్రాల నుంచి 666 మంది రోగుల వివరాలు కూర్చింది. నాలుగింట మూడు వంతుల మందికి రక్తం ఎక్కింది, సగటున 14 యూనిట్లు. ఒక్కో యూనిట్‌కూ ఇన్ఫెక్షన్ ముప్పు 13 శాతం పెరిగినట్టు తేలింది. ఈ అంకెను చాలా గ్రంథాలు కారణంగానే చదివాయి. కానీ ఎక్కువ కాలినవారికే ఎక్కువ రక్తం ఎక్కుతుంది, ఇన్ఫెక్షన్లూ వాళ్ళకే ఎక్కువ. గణాంకాల సవరణలతో ఈ చిక్కు పూర్తిగా విడిపోదు. అదే పామియరి నాయకత్వంలో 18 కేంద్రాల్లో 345 మందిపై జరిగి 2017లో వెలువడిన ‘ట్రైబ్’ పరీక్ష ఇంకోలా చెప్పింది. ఒక వర్గానికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 7-8 గ్రాముల దగ్గర, రెండోదానికి 10-11 దగ్గర నిలిపారు. ఎక్కించిన రక్తపు మధ్యస్థ లెక్క వరుసగా 8 యూనిట్లు, 16 యూనిట్లు. రక్తం సగమైనా రక్తప్రవాహ ఇన్ఫెక్షన్లు, 30 రోజుల మరణాలు, గాయం మానే కాలం దాదాపు ఒక్కటే. యాదృచ్ఛిక పరీక్ష కాబట్టి దీనికే ఎక్కువ బరువివ్వడం సబబు. ఎక్కువ రక్తంతో ఒరిగేదేమీ లేదనేది దీన్నిబట్టి బలమైన మాట. రక్తమే ఇన్ఫెక్షన్ తెస్తుందన్న మాట బలహీనం. ఈ రెండో సగాన్ని సమీక్షలు తరచూ వదిలేస్తుంటాయి.

ఈ హిమోగ్లోబిన్ హద్దులను మన దేశానికి వర్తింపజేసేటప్పుడు కొంత జాగ్రత్త కావాలి. వంటింట్లో కాలి వచ్చేవారిలో స్త్రీలు చాలామంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతానికి ముందే రక్తహీనత ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఇంకాస్త ఎక్కువ. ఆపరేషన్ బల్ల ఎక్కేసరికే హద్దుకు దగ్గరగా ఉన్న రోగికి వెసులుబాటు తక్కువ. మరోవైపు, 1998లో డబ్బుకు రక్తమిచ్చే పద్ధతి రద్దయ్యాక కూడా యూనిట్‌కు బదులు దాతను తెమ్మని బంధువులను అడగడం పలుచోట్ల సాగుతోంది. పదహారు యూనిట్లు ఎనిమిదైతే ఆ కుటుంబం పరుగులూ సగమవుతాయి.

‘ట్రైబ్’లో పిల్లలు లేరు. వారిలో ఎర్రకణాలకూ ప్లాస్మాకూ తగిన నిష్పత్తిపై చిన్న పరీక్షలే జరిగాయి. గుండెజబ్బు ఉన్నవారి సంగతి వేరుగా చూడాలి: గుండెపోటు, రక్తహీనత రెండూ ఉన్న 3,504 మందిపై 2023లో వెలువడిన ‘మింట్’ పరీక్షలో, తక్కువ ఎక్కించిన వర్గంలో 30 రోజుల్లో మరణం లేదా మరో గుండెపోటు 16.9 శాతం, రెండో వర్గంలో 14.5 శాతం. తేడా గణాంకపరంగా నిలవలేదు. ఆ పరీక్ష కాలిన రోగులపై చేసింది కాకపోయినా, గుండెజబ్బు ఉన్న కాలిన రోగికి 7 గ్రాముల దాకా ఆగకుండా ముందే యూనిట్ తెప్పించడాన్ని అది కొంతవరకు సమర్థిస్తుంది.