మానసిక ఆసుపత్రిలో మొదలైన బడి



కౌన్సెలింగ్ అంటే మంచి మాటలు చెప్పడమని చాలామంది అనుకుంటారు. ఆ విద్యను సేవకులకు నేర్పిన తొలి చోట్లలో ఒకటి మానసిక రోగుల ఆసుపత్రి. నేర్పినాయన కూడా ఒకప్పుడు రోగే.

ఆంటన్ బోయ్‌సెన్ గారు అమెరికాలో ప్రెస్బిటేరియన్ సేవకులు. 1920లో ఆయనకు మతి చెదిరింది. మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరో ఆసుపత్రిలో ఏడాదికి పైగా ఉన్నారు. రోగితో అతని బాధ గురించి మాట్లాడడం అక్కడి వైద్యుల పద్ధతి కాదు. ఆయనకు కావలసింది సరిగ్గా అదే.

కోలుకున్నాక, 1924లో వూస్టర్ ప్రభుత్వ ఆసుపత్రిలో చాప్లెయిన్ అయ్యారు. మరుసటి వేసవిలో నలుగురు వేదాంత విద్యార్థులను అక్కడికి రప్పించి, వార్డుల్లో అటెండర్ల పనిలో పెట్టారు. పుస్తకాన్ని ఎంత శ్రద్ధగా చదువుతామో కష్టంలో ఉన్న మనిషిని అంత శ్రద్ధగా చదవాలన్నదే ఆయన పాఠం.

1930లలో రసెల్ డిక్స్ అనే మరో చాప్లెయిన్, రోగి దగ్గర నుంచి రాగానే జరిగిన సంభాషణ అంతా గుర్తు చేసుకుని రాసేవారు. దీనికి ‘వెర్బేటిమ్’ అని పేరు. రోగి ఏమన్నాడు, నేనేమన్నాను, వరుసగా రాయాలి. తర్వాత గురువు ముందు, తోటివారి ముందు చదవాలి. ఇది చాలా కష్టమైన పరీక్ష. “రాత్రంతా నిద్ర లేదయ్యగారూ” అని ఆమె అంటే, “ప్రార్థన చేసుకో అమ్మా, సర్దుకుంటుంది” అని నీ జవాబు ఉందనుకోండి. గురువు అక్కడే ఆపుతాడు. ఎందుకు పట్టలేదని అడిగావా? ఆ ప్రార్థన మాట ఆమె కోసమా, నువ్వు తప్పించుకోవడానికా? (మన పరామర్శలు మీకు తెలియనివా! వాక్యం, ప్రార్థన, టీ, బండి స్టార్ట్.) యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు నోరు విప్పకుండా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు.

సెమినరీ వదిలి మనస్తత్వ శాస్త్రానికి వెళ్లిన కార్ల్ రోజర్స్ ఇంకో అడుగు వేశారు. సంభాషణలను రికార్డు చేసి, ఒకరితో జరిగినదంతా 1942లో పుస్తకంలో అచ్చువేశారు. జ్ఞాపకం మనల్ని కాస్త వెనకేసుకొస్తుంది. రికార్డు అలా చేయదు.

బోయ్‌సెన్ గారి జబ్బు 1930లో తిరగబెట్టింది. మళ్లీ కోలుకుని 1932లో ఇల్లినాయిస్‌లోని ఎల్గిన్ ఆసుపత్రికి, మళ్లీ రోగుల మధ్యకే, చాప్లెయిన్‌గా వెళ్లారు. ఆ వూస్టర్ వేసవి నుంచి పెరిగిన శిక్షణను ఇప్పుడు సీపీఈ అంటారు. మనవాళ్లు వైద్యానికి వెళ్లే వేలూరు సీఎంసీలో కూడా అది నేర్పుతారు.