ఆస్థాన కవి, ఆస్థాన ఆటగాడు

గద్వాల, వనపర్తి సంస్థానాల పేరెత్తగానే, నాగర్‌కర్నూలు వైపు కొల్లాపురం రాజధానిగా సాగిన జటప్రోలు పేరెత్తగానే మన సాహిత్య చరిత్రకారులు రాజుల పండిత పోషణను కొనియాడతారు. కవులకు వార్షికాలిచ్చారనీ, అవధానాలు చేయించారనీ రాస్తారు. నిజమే. కాని ఆ వార్షికం రైతు కట్టిన శిస్తులోంచి వచ్చిందని రాయరు. పోషణ పొందినవాడి విద్యకు హద్దు గీసిందెవరని అడగరు. ఈ ప్రాంతం వాడిగా చాలాకాలం నన్ను వేధించిన ఈ ప్రశ్నకు సాహిత్యం వెలుపల, ఒక క్రికెట్ ఆటగాడి జీవితంలో నాకు కొంత సమాధానం దొరికింది.

ఆయన సి.కె. నాయుడు. 1895లో నాగపూరులో, తెలుగు కుటుంబంలో పుట్టాడు. ఆటతో బతికేవాణ్ణి ఆనాటి ఇంగ్లండులో ప్రొఫెషనల్ అనేవారు. దొరబిడ్డలు అమెచ్యూర్లు. 1962 దాకా అక్కడ ఈ భేదం కొనసాగింది. మన దేశంలో ఆటగాడికి బతుకుతెరువు సంస్థానపు కొలువు. 1923లో హోల్కర్ మహారాజు నాయుణ్ణి ఇండోరుకు పిలిపించి తన సైన్యంలో కెప్టెన్‌ను చేశాడు.

1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానాలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుమీద నాయుడు 11 సిక్సర్లతో 153 పరుగులు చేశాడు. ఆయన ఆడింది హిందువుల జట్టు తరఫున. వలస పాలనలో బొంబాయి ఆటకు మతమే ప్రాతిపదిక అన్న సంగతి కూడా మనం మరవరాదు.

ఆట ఇంత నేర్చినా నాయకత్వం ఆయన హక్కు కాలేదు. 1932 ఇంగ్లండు పర్యటనకు నాయకుడు పోర్‌బందర్ మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన మన తొలి టెస్టులో ఆ ఇద్దరూ ఆడలేదు గనక నాయుడు నాయకుడయ్యాడు. 1936లో నాయకత్వం తిరిగి రాచకుటుంబానికే పోయింది. ఈసారి నాయకుడు మన విజయనగరం మహారాజకుమారుడే. ఆయన 3 టెస్టుల్లో చేసిన మొత్తం పరుగులు 33. ఆయన కింద ఆడిన నాయుడు ఓవల్ టెస్టులో ఒక్క ఇన్నింగ్సులోనే 81 చేశాడు.

అయితే సంస్థాన పోషణ వట్టి బూటకమనడం తొందరపాటు. హోల్కర్ జట్టు 1945-46, 1952-53 సీజన్ల మధ్య 4 సార్లు రంజీ ట్రోఫీ గెలిచింది. కొలువు లేకపోతే ఎందరో ఆటగాళ్లకు మైదానమే దక్కేది కాదు. అన్నం పెట్టిన చెయ్యే అధికారాన్ని తన దగ్గర అట్టిపెట్టుకుంది. భూస్వామ్య పోషణలోని వైరుధ్యం ఇదే.

1948లో హోల్కర్ రాజ్యం మధ్యభారత్‌లో కలిసిపోయింది. రాజ్యం పోయినా నాయుడి ఆట ఆగలేదు. 60 దాటాక, 1956-57లో కూడా ఆయన రంజీ ఆడాడు. 1967లో మరణించాడు.

మన సంస్థానాలూ పోయాయి. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ వెలిసింది. ఆ ఆస్థానాల పద్యాలు మాత్రం మిగిలాయి. వాటిని చదివే విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఏ రాజు ఎంత ఇచ్చాడన్న లెక్కతో ఆగిపోకండి. ఆ ధనం ఏ పొలం నుంచి వచ్చిందో, దాన్ని పుచ్చుకున్న కవి ఏమి రాయగలిగాడో, ఏమి రాయలేకపోయాడో వెతకండి. విద్య పండితుడిది, ధనం రైతుది. చరిత్రలో పేరు మాత్రం ఇంతకాలం రాజుదే అయింది.