గ్రీన్‌స్టెడ్ చర్చి

ఇంగ్లండ్‌లో లండన్‌కు ఈశాన్యంగా, ఎసెక్స్ కౌంటీలోని గ్రీన్‌స్టెడ్ గ్రామంలో ఉన్న ఆంగ్లికన్ చర్చి. సెయింట్ ఆండ్రూ పేరిట వెలసింది. ఐరోపాలో నిలిచి ఉన్న అతి పాత చెక్క కట్టడాల్లో ఒకటిగా పేరుపొందింది.

భక్తులు కూర్చునే మందిరానికి గోడలంటే ఓక్ దుంగలే. దుంగను నిలువునా చీల్చి, గుండ్రటి వైపు బయటికి, చదును వైపు లోపలికి వచ్చేలా పక్కపక్కన నిలబెట్టారు. అంచుల్లో గాడి తీసి సన్నటి చెక్కపట్టీలు దూర్చడంతో సందుల్లోంచి గాలీ వానా రావు. లోపలి వైపు నాటి వడ్రంగి బాడిశ దెబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇది 9వ శతాబ్దపు కట్టడమని చాలాకాలం చెప్పుకున్నారు. 1990లలో చెక్కలోని వార్షిక వలయాలను పరీక్షించాక 11వ శతాబ్దపు ద్వితీయార్ధానికి చెందినదని తేలింది. వయసు రెండు శతాబ్దాలు తగ్గినా ఘనత తగ్గలేదు. ఇటుకలతో కట్టిన బలిపీఠ భాగం 1500 ప్రాంతానిది. 1848-49 మరమ్మతుల్లో దుంగల పుచ్చిన అడుగు భాగాలు కోసేసి ఇటుక పునాదిపై నిలిపారు.

కూలి తగ్గింపును ఎదిరించి సంఘం పెట్టుకున్నందుకు 1834లో ఆస్ట్రేలియాకు ప్రవాస శిక్ష పడ్డ టాల్‌పడిల్ వ్యవసాయ కూలీల్లో కొందరు, క్షమాభిక్ష పొంది తిరిగొచ్చాక ఈ చుట్టుపక్కల పొలాలు కౌలుకు చేశారు. వారిలో జేమ్స్ బ్రైన్, తోటి శిక్షితుడు థామస్ స్టాండ్‌ఫీల్డ్ కూతురు ఎలిజబెత్‌ను 1839లో పెళ్లాడింది ఈ చర్చిలోనే. ఇక్కడ నేటికీ ఆరాధనలు జరుగుతున్నాయి.